తూము: మా ఇంటిపేరు చెరువుదా, ధాన్యం కొలతదా?

తూమోళ్ళ పెద్దబిడ్డ అడుగుతున్నది:

అందరికీ నమస్కారం. మా పుట్టింటి పేరు తూము. రెండే అక్షరాలు, అయినా ఎక్కడ చెప్పినా రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. "తుమ్మలా?" అంటారు. "కాదండీ, తూము" అంటే "ఆహా, తుమ్మ" అని రాసేసుకుంటారు. చిన్నప్పుడు బడిలో పిల్లలు నన్ను చూసి తుమ్మినట్టు చేసేవాళ్ళు. ఇంటికొచ్చి ఏడిస్తే మా బాపు ఎప్పుడూ ఒకటే మాట అనేవారు. "తూము అంటే చిన్న పేరు కాదు బిడ్డా, దాని మీద ఊరంతా బతికింది."

ఆ మాటకు అర్థం ఏమిటో అప్పుడే సరిగ్గా అడగాల్సింది. ఇప్పుడు అడగటానికి ఆయన లేరు.

మా ఊరు పాత వరంగల్ జిల్లాలో, నర్సంపేట వైపు. మేం ఇద్దరం ఆడపిల్లలం, అన్నదమ్ములు లేరు. పెళ్ళయ్యాక నా ఆధార్‌లోనూ చెల్లెలి ఆధార్‌లోనూ అత్తింటి పేర్లు వచ్చాయి. బాపు మొన్న మాఘంలో కాలం చేశారు. ఆయనతో మా ఇంట్లో తూము అని సంతకం పెట్టే మనిషి లేకుండా పోయారు. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ నన్ను "తూమోళ్ళ పెద్దబిడ్డ" అనే పిలుస్తారు. అందుకే ఇక్కడ కూడా ఆ పేరే పెట్టుకున్నాను.

అసలు విషయానికి వస్తాను. ఈ పేరు ఎలా వచ్చిందో మా ఇంట్లోనే రెండు కథలున్నాయి.

బాపు చెప్పింది ఒకటి. మా తాతముత్తాతలు కల్లంలో ధాన్యం కొలిచేవాళ్ళట. గింజ తేడా రానిచ్చేవాళ్ళు కాదట. ఊళ్ళో ఎవరి వడ్లు కొలవాలన్నా వీళ్ళే కావాలనేవారట. తూము అంటే ధాన్యం కొలత కాబట్టి అదే ఇంటిపేరుగా నిలిచిందని ఆయన నమ్మకం.

నాయనమ్మ చెప్పింది ఇంకొకటి. "మీ బాపుకేం తెలుసు? మనది చెరువు తూము" అనేది. అంటే చెరువు నీళ్ళు పొలాలకు వదిలే దారి. ఒక ఏడు రాత్రిపూట తూము మూత ఊడిపోయి నీళ్ళన్నీ వృథాగా పోతుంటే, మా ఇంటి పెద్దాయన ఒకరు చీకట్లో నీళ్ళలోకి దిగి, తెల్లారేదాకా గడ్డిమోపులు అడ్డం పెట్టి ఆపాడట. ఆ ఏడు పంట దక్కిందట. ఈ సంగతి ఆమెకు వాళ్ళ అత్తగారు చెప్పారు. నాయనమ్మ ఈ కథ చెప్పేటప్పుడు చేతులు చాచి, మోపు ఎంత లావుండేదో చూపించేది. ఆ చేతులు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

దినవారాలు అయ్యాక ఇల్లు సర్దుతుంటే అటక మీద ధాన్యం కొలిచే కొయ్య కుంచం ఒకటి దొరికింది. చుట్టూ రెండు ఇనప పట్టీలు. పైపట్టీ తుప్పు పట్టి ఒకచోట విరిగింది. అంచు చేతుల్లో నలిగి నలిగి నున్నగా అయింది. లోపల అడుగున ఎవరో మేకుతో గీసిన మూడు గీతలున్నాయి. తలకిందులు చేసి తడితే పాత ఊక రాలింది. ఇది చూశాక బాపు కథే నిజమేమో అనిపించింది. కానీ నాయనమ్మ అంత గట్టిగా చెప్పిన మాటను పక్కన పెట్టలేకపోతున్నాను.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, మా చిన్నది ఏడో తరగతి. బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. ప్రతి ఇంటిపేరు కింద "అర్థం" అని ఒక గడి ఉంది. వాళ్ళ నాన్న వైపు పేరు ఒక ఊరి పేరు కాబట్టి వెంటనే రాసేసింది. అమ్మమ్మ, తాతయ్యల వైపు "తూము" అని రాసి, కింద గడి ఖాళీగా వదిలేసి పడుకుంది. ఆ ఖాళీ గడి చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ రెండింటిలో ఏది నిజం? ఈ పేరు మా ఊళ్ళోనే ఉందా, ఇంకెక్కడైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తెనాలి తెలుగు మాస్టారు:

అమ్మా, ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. ఇంటిపేర్లు నాకు చాలా ఇష్టమైన విషయం. తెలిసినంత చెబుతాను.

ముందు ఈ పేరుకు దగ్గరగా ఉండేవాటిని వేరు చేద్దాం. మా తెనాలి పక్కన కొల్లిపర మండలంలో తూములూరు అనే ఊరుంది. ఆ ఊరి పేరు ఇంటిపేరయితే తూములూరి అవుతుంది. కందుకూరు కందుకూరి అయినట్టు, తంగుటూరు తంగుటూరి అయినట్టు. ఊరి పేరు ఇంటిపేరుగా మారేటప్పుడు చివర ఇలా మారటం మన భాష పద్ధతి. పాడు అని ముగిసే ఊరు పాటి అవుతుంది. ఇల్లు అనే మాట "ఇంటి" అయితేనే కదా మనకు "ఇంటిపేరు" అనే మాట వచ్చింది! వీటినే చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అన్నారు. తూమాటి అని ఇంకో ఇంటిపేరుంది. తెలుగు విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా చేసిన తూమాటి దోణప్ప గారి ఇంటిపేరు అది. తూముకుంట అని ఊళ్ళున్నాయి. ఇవన్నీ వినటానికి మీ పేరు లాగే ఉంటాయి కానీ వేరు.

మీది వట్టి తూము. దాని వెనక ఊరు లేదు, పల్లె లేదు, కుంట లేదు. అంటే అది ఊరి పేరు కాదు, వస్తువు పేరు. వస్తువుల పేర్లు ఇళ్ళకు పడటం మనలో కొత్త కాదు. చెట్ల పేర్లు, పప్పుల పేర్లు, పనిముట్ల పేర్లు, మనిషి ఆకారాన్ని బట్టి పిలిచిన పేర్లు ఎన్నో ఇంటిపేర్లయ్యాయి. పొట్టి శ్రీరాములు గారి విషయంలో "పొట్టి" అనేది ఆయన ఎత్తును బట్టి వచ్చిందని మా క్లాసులో పిల్లలు అనుకునేవాళ్ళు. అది ఆయన ఇంటిపేరు అని ప్రతి ఏడూ చెప్పాల్సి వచ్చేది.

ఇక ఈ పేరు మీ ఊళ్ళోనే ఉందా అంటే, కాదు. భద్రాచల రామదాసు తరవాత భద్రాచలంలో స్వామి సేవలను మళ్ళీ నిలబెట్టిన వాగ్గేయకారుడు తూము నరసింహదాసు. 19వ శతాబ్దం మొదటి భాగంలో ఉన్న మనిషి, మా గుంటూరు ప్రాంతం వారు. వరద రామదాసు అనే భక్తుడు, ఆయన కలిసి చేసిన సేవ గురించి భద్రాచలంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి మీ పాప ఆ గడిలో ఏం రాసినా, ఈ పేరుతో ఒక గొప్ప కీర్తనకారుడు ఉన్నాడని మాత్రం తప్పకుండా చెప్పండి. అలాగని మీ రెండు కుటుంబాలూ ఒకటే అనుకోకూడదు. వస్తువుల మీద పుట్టిన పేరు ఒకే చోట పుట్టదు. తూము ఉన్న ప్రతి ఊళ్ళోనూ "తూము వాళ్ళు" పుట్టొచ్చు. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో, వేర్వేరు గోత్రాల్లో ఉండటానికి కారణం ఇదే.

మీ రెండు కథల్లో ఏది నిజమో వ్యాకరణం చెప్పలేదు. రెండర్థాలూ నిఘంటువులో ఉన్నాయి. ఒకటి మాత్రం చెప్పగలను. నీళ్ళ తూమును తమిళంలో తూంబు అంటారు, కన్నడంలో తూబు అంటారు. అంటే చెరువు తూము అనే మాట చాలా పాతది, మన మూడు భాషల వాళ్ళం ఇంకా వాడుతున్నది.

తూమోళ్ళ పెద్దబిడ్డ:

మాస్టారూ, చాలా చాలా థాంక్స్. నరసింహదాసు గారి పేరు నేను ఇంతవరకు వినలేదు. భద్రాచలం ఎన్నిసార్లు వెళ్ళాం! బాపుకు తెలిసుంటే ఎంత సంతోషించేవారో.

వస్తువు పేరు అని తేలింది. ఇప్పుడు ఏ వస్తువు అన్నదే మిగిలింది.

కరణం గారి మనవడు:

అక్కా, మాది నెల్లూరు వైపు. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యేదాకా మా తాత కరణం. చిన్నప్పుడు కల్లంలో ఆయన పక్కన కూర్చుని లెక్క రాసేవాణ్ణి. కొలతల సంగతి వరకు నేను చెప్పగలను.

నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. ఇరవై తూములు ఒక పుట్టి. "పుట్టెడు దుఃఖం" అంటాం కదా, ఆ పుట్టి ఇదే. మధ్యలో లెక్కలకు కూడా పేర్లున్నాయి. రెండు తూములు ఇద్దుము, మూడు ముత్తుము, అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము. "ఏదుం తిన్నా ఏకాదశే, పందుం తిన్నా పరగడుపే" అని సామెత. అది విన్నప్పుడు చాలామందికి అక్కడ ఉన్నది తూము లెక్క అని తెలియదు. ప్రాంతాన్ని బట్టి కుంచం పరిమాణం మారేది, పక్క ఊరి కుంచానికీ మా ఊరి కుంచానికీ పొత్తు కుదిరేది కాదు. 1956లో కొలతల చట్టం వచ్చి కిలోలు, లీటర్లు వచ్చాక ఇవన్నీ మెల్లగా పోయాయి. అయినా ముసలివాళ్ళ నోట్లో చాలాకాలం నిలిచాయి.

ఇప్పుడు మీ బాపు గారి కథలో నాకు ఒక సందేహం ఉంది. తప్పుగా అనుకోకండి.

మా కల్లంలో తూము అనేది పాత్ర కాదు, లెక్క. చేతిలో ఉండేది కుంచమే. కొలిచే మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, కుంచం రాశిలోకి దోపి, పైన అరచేత్తో వత్తకుండా గుమ్మటంలా నింపి గోనెలో పోసేవాడు. మొదటి కుంచానికి "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. "లాభం, లాభం, లాభం" అని పాడినట్టు అంటూ పోసి, తరువాత "రెండు, రెండు, రెండు" అని సాగేవాడు. లెక్క తప్పకూడదని కుంచం నిండి గోనెలో పడేదాకా ఆ అంకె నోట్లోనే తిప్పేవాడు. నాలుగు పూర్తయితే మా తాత నా చేత ఒక గీత గీయించేవారు. ఆ గీతే తూము. అది కాగితం మీదే ఉండేది, కల్లంలో ఎవరి చేతిలోనూ ఉండేది కాదు.

కాబట్టి ధాన్యం కొలిచే ఇంటికి ఊళ్ళోవాళ్ళు పేరు పెడితే, కంటికి కనబడే కుంచం పేరు పెడతారు. నిజంగానే కుంచం అని ఇంటిపేరుంది. తవ్వా అని కూడా ఉంది, అదీ కొలతే. మీ అటక మీద దొరికింది కుంచం. ఇంటిపేరు తూము. ఈ రెండూ ఒకదానికొకటి అతకటం లేదు నాకు.

ఇంకొక దారి కూడా ఉంది. పాతకాలంలో నేలను కూడా విత్తనంతో కొలిచేవాళ్ళు. పుట్టెడు విత్తనం పట్టే నేల, తూమెడు విత్తనం పట్టే నేల అని. తూమెడు నేల ఉన్న ఇల్లు అని పేరు వచ్చి ఉండొచ్చు. ఇది నా ఊహ మాత్రమే. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగితేనే తేలుతుంది.

కట్టమీది మనిషి:

చెల్లెమ్మా, నాది వరంగల్. చెరువుల మరమ్మతు పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయిన. మీ నాయనమ్మ కథ చదివి ఆగలేక రాస్తున్న.

ఇప్పటి పిల్లలకు తూము అంటే గేటు, చక్రం తిప్పితే లేస్తది. పాత చెరువు తూము అట్లా ఉండదు. కట్ట లోపలివైపు నీళ్ళలో రెండు నిలువు రాళ్ళుంటయి. వాటి మధ్య అడ్డంగా ఒకటి రెండు రాళ్ళు, ఒక్కోదానికి నడుమ బొక్క. ఆ బొక్కల్లోంచి పొడుగాటి కర్ర కిందికి పోతది. కర్ర కొనకు గుండ్రటి కొయ్య బిరడా. అడుగున రాతి పలకలో ఉన్న రంధ్రంలో ఆ బిరడా కూసుంటే నీళ్ళు బంద్, పైకి లేపితే నీళ్ళు కట్ట కింది రాతి కాలువలకెళ్ళి అవతలి పొలాలకు పోతయి. రామప్ప, పాకాల, లక్నవరం అసోంటి పెద్ద చెరువులు కాకతీయుల నాటివి. వాటిని చూసి నేర్చుకున్న పనితనమే మన చిన్న చెరువుల్లో కూడా ఉంది.

ఈ తూము తీసేవాణ్ణి మన దగ్గర నీరటి అంటరు. రాయలసీమల నీరుగంటి అంటరు. ఎవరి మడికి ఎన్ని గడియలు నీళ్ళు, ఎప్పుడు కట్టాలె అన్నదంతా ఆయన చేతుల ఉండేది. దానికి కల్లంలో ఆయనకు ధాన్యం ఇచ్చేటోళ్ళు, దాన్ని మేర అంటరు. నీరటి అనేది కూడా ఇంటిపేరే ఇప్పుడు.

నేను పనిచేసినప్పుడు ఒక చెరువుల కర్ర విరిగి బిరడా లోపల్నే ఉండిపోయింది. నీళ్ళు నిండుగ ఉన్నయి. ఒకాయన నడుముకు తాడు కట్టుకుని మునిగిండు. బొక్క దగ్గరికి పోతే నీళ్ళ గుంజుడుకు చెయ్యి పోతది, మనిషి పోతడు. పైనున్న మేం నలుగురం తాడు పట్టుకుని ఊపిరి బిగబట్టినం. మూడోసారి మునిగినప్పుడు తీసిండు. బయటికొచ్చినంక ఆయన పెదవులు నల్లబడ్డయి, చేతి మీద తోలు లేచింది. అందుకని, మీ ఇంటి పెద్దాయన చీకట్ల దిగి గడ్డిమోపు పెట్టిండంటే అది చిన్న పని కాదు. మోపు పెట్టుడు కూడా సరైన పనే. పెద్ద రంధ్రానికి మట్టి నిలవదు, గడ్డే ముందు పట్టుకుంటది. తెలిసినోళ్ళు చెప్పిన కథ అది, ఊరికే పుట్టలేదు.

చెరువు పేర్లన్నీ మన ఇంటిపేర్లలో ఉన్నయి చూడు. కట్టా, గండి, మడుగు, కాలువ. తూము ఉంటే ఆశ్చర్యం ఏముంది?

రెండు పనులు చెయ్యి. మీ పాత పొలం తూముకు ఎంత దూరంల ఉందో చూడు. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి పాత భూమి రికార్డు, దాని నకలు తీసుకో. తెలంగాణల భూమి సంగతి ఏది తేలాలన్నా అక్కడికే పోవాలె. మీ ముత్తాత పేరు, సర్వే నంబరు అందులో ఉంటయి.

నేనూ తూమే:

మేడమ్, ఇది చదువుతుంటే నా చేతులు వణికాయి. మాదీ తూము. మాది ఖమ్మం జిల్లా. మా ఇంట్లో కథ కూడా లేదు, పేరు ఒక్కటే ఉంది. మా గోత్రం, మీ గోత్రం ఒకటి కాకపోవచ్చు, మాస్టారు చెప్పినట్టు.

ఈ పేరు ఎంతమందికి ఉందో నేను ఒకప్పుడు వెతికాను. జనాభా లెక్కల్లో ఇంటిపేర్ల పట్టిక అంటూ ఏదీ వేయరు. ఓటర్ల జాబితాలు మాత్రం పోలింగ్ కేంద్రాల వారీగా తెలుగులో దొరుకుతాయి. మనకు ఇంటిపేరు ముందు రాస్తారు కాబట్టి వెతకటం తేలిక. మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ జాబితాలు చూశాను. ఒక ఊళ్ళో వరసగా ఎన్నో ఇళ్ళు తూము వాళ్ళవే, మిగతా మూడు ఊళ్ళలో ఒక్కరు కూడా లేరు. మన పేరు అరుదుగా అనిపించటానికి కారణం బహుశా ఇదే. ఉన్నచోట గుంపుగా ఉంటాం, పక్క ఊరికి వెళితే ఎవరికీ తెలియదు.

ఇంకో మాట. ఇంగ్లీషులో మా నాన్న టి-యు-ఎం-యు అని రాస్తారు. నా మెమోలో టి-హెచ్-యు-ఎం-యు అని పడింది. తమ్ముడిది టి తరువాత రెండు ఓలు. పాస్‌పోర్టు దగ్గర ముగ్గురం మూడు కుటుంబాల వాళ్ళలా కనబడ్డాం, ఎంత టెన్షన్ పడ్డామో. మీ పిల్లల కాగితాల్లో ఎక్కడైనా ఈ పేరు రాయాల్సి వస్తే, మొదటి నుంచీ ఒకటే స్పెల్లింగ్ పెట్టండి. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. మా చెల్లి మార్చుకోలేదు, ఇప్పటికీ తూము అనే రాస్తుంది.

తూమోళ్ళ పెద్దబిడ్డ:

అందరికీ పేరుపేరునా దండాలు. మూడు వారాలు ఇటు రాలేకపోయాను. మీరు చెప్పిన పనుల మీదే తిరిగాను.

మొన్న ఆదివారం చిన్నదాన్ని తీసుకుని ఊరికి వెళ్ళాను. మా చిన్నాయన (బాపుకు పెదనాన్న కొడుకు) వయసు ఎనభై దాటింది, కానీ జ్ఞాపకం బాగుంది. పహాణీ నకలు ముందే తెప్పించుకున్నాను. అందులో మా ముత్తాత పేరు, దాని ముందు తూము అని ఇంటిపేరు ఉన్నాయి. రెండు సర్వే నంబర్లు. చిన్నాయనకు చదివి వినిపిస్తే, నంబర్లు కాదు, పొలం పేరు చెప్పమన్నాడు. నాకు తెలియదన్నాను. చేతికర్ర పట్టుకుని లేచాడు.

కట్ట దిగగానే మొదటి మడి. "ఇది తూంకింది మడి. మనదే ఉండె. మీ తాత పెళ్ళిళ్ళకు అమ్మిండు" అన్నాడు. మడి మూలన నిలబడి చెయ్యి చాస్తే తూము కాలువ రాయి తగులుతుంది. అంత దగ్గర. మేం నీరటి పని చేసిన ఇల్లు కాదట, ఊళ్ళో నీరటోళ్ళు వేరే ఉండేవాళ్ళు. కానీ తూము పక్కన మొదటి పొలం మాదే కాబట్టి రాత్రిపూట నీళ్ళ కావలి మా వాళ్ళే ఉండేవాళ్ళట. "ఎవరి ఇల్లు అంటే తూము కాడోళ్ళు అనేటోళ్ళు. తర్వాత తూమోళ్ళు అయినం" అన్నాడు. అడిగీ అడగకముందే గడ్డిమోపు సంగతి ఆయనే ఎత్తాడు. నాయనమ్మ చెప్పినట్టే చెప్పాడు, ఒక్క తేడాతో. దిగింది ఒకరు కాదు, అన్నదమ్ములు ఇద్దరట.

మరి బాపు కథ? కుంచం గురించి అడిగాను. "అది మీ తాతది. ఊళ్ళో అందరి కుంచాలు అరిగిపోయినయి, దానికి పట్టీలు ఉండె కాబట్టి అరగలె. కొలతకు అందరూ దాన్నే అడుక్కపోయేటోళ్ళు" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. బాపు చిన్నతనంలో ప్రతి పంటకూ ఎవరో ఒకరు వచ్చి ఆ కుంచం తీసుకుపోవటం చూశారు. ఇంటిపేరు తూము, ఇంట్లో కుంచం. రెండింటినీ ఆయన కలుపుకున్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా కుంచాన్ని ఊరు నమ్మింది నిజమే. పేరు మాత్రం అంతకు ముందే ఉంది. కరణం గారి మనవడు తమ్ముడు పట్టుకున్న సందేహం లేకపోతే ఇది నాకు తట్టేది కాదు.

ఇంకొకటి నా మనసులో తిరుగుతూనే ఉంది. ఈ పేరు ఎలా వచ్చిందో మా ఇంట్లో పుట్టిన బాపుకే సరిగ్గా తెలియలేదు. నాయనమ్మ వేరే ఇంటి నుంచి వచ్చింది. వాళ్ళ అత్తగారూ వేరే ఇంటి నుంచి వచ్చినావిడే. పుట్టింటి పేర్లు వదిలేసి వచ్చిన ఆ ఇద్దరే మా ఇంట్లో ఈ పేరు కథను దాచి నా దాకా తెచ్చారు. బాపు మాట నమ్మి నాయనమ్మ చెప్పినప్పుడు సరిగ్గా వినలేదని ఇప్పుడు బాధగా ఉంది.

కట్టమీది అన్నా, మీరు చెప్పిన రెండు నిలువు రాళ్ళు ఇంకా ఉన్నాయి. కర్ర లేదు, ఇప్పుడు కొంచెం పక్కన ఇనప గేటు పెట్టారు. చెరువులో నీళ్ళు తక్కువగా ఉన్నాయి కాబట్టి రాళ్ళ దాకా నడిచి వెళ్ళగలిగాం. అడ్డరాతి బొక్కలో కర్ర తిరిగి తిరిగి పడిన ఒరిపిడి ఉంది, లోపల చెయ్యి పెడితే గాజులా నున్నగా తగులుతుంది. కుంచం అంచు కూడా అట్లాగే ఉంటుంది. మా చిన్నది చాలాసేపు అందులోంచి వేలు తీయలేదు.

కుంచం అడుగున ఉన్న మూడు గీతల సంగతి చిన్నాయనకూ తెలియదు. ఎవరి కుంచం ఏదో గుర్తుపట్టటానికి పెట్టుకున్న గుర్తేమో అన్నాడు. మీలో ఎవరింట్లోనైనా పాత కుంచాల మీద ఇలాంటి గీతలు చూసి ఉంటే దయచేసి చెప్పండి.

చిన్నది ఆ గడి నింపింది. నేను చెప్పలేదు, తనే రాసుకుంది: "తూము అంటే చెరువు నీళ్ళు పొలానికి వెళ్ళే రాతి దారి. మా అమ్మ వాళ్ళ పొలం దాని పక్కనే ఉండేది. తూము నరసింహదాసు అనే ఆయన పాటలు రాశారు, ఆయన మా చుట్టం కాదు." గడి చిన్నది కావటంతో చివరి వాక్యం పక్కన అంచు మీదికి పోయింది.